శిశిరాంతమున పెరటి పక్షుల పరిశీలనము

మకర సంక్రాంతి గడచినది మొదలు ఉగాది సమీపించువరకును గల కాలమున, ఇంటి పెరటిలోను, బావిగట్టునను, వీధి మొగదలనున్న వేప రావి చెట్లమీదను సంచరించు పక్షులను ఒకచోట కుదురుగా గూర్చుండి గమనించి, వాని రూపమును, కూతను, నడవడిని, రాకపోకల తిథులను గుర్తించుకొను వ్యాపకము ఈ వ్యాసమునకు విషయము. తెలుగుదేశమున నిది స్థూలముగా మాఘ ఫాల్గుణ మాసములకు, అనగా జనవరి నడిమి భాగము మొదలు మార్చి నడిమి భాగము వరకును గల దినములకు సరిపోవును. చెట్లు ఆకురాల్చు ఋతువు గావున శిశిరము పక్షులకును శూన్యకాలమే యని పలువురు తలంతురు. నిజమునకు పెరటి పక్షులను జూడ దలచినవారికి సంవత్సరమంతటిలో దీనికి మించిన కాలము లేదు. ఏలయన, చలికాలము గడపుటకై ఉత్తరదేశములనుండి వచ్చిన వలసపక్షులు తిరిగిపోకమునుపే, ఇచ్చటనే పుట్టి పెరిగిన పక్షులు జతగట్టి గూళ్లకు తావులు వెదకుట కారంభించును. రెండు పంచాంగములు ఒకే పెరటిలో కొన్ని వారములపాటు కలిసి నడచును. వానకాలమున దట్టమైన ఆకుల చాటున కూతమాత్రమే వినిపించి కంటికి దొరకని పిట్ట, ఆకులు రాలిన కొమ్మపైన నిప్పుడు ఆపాదమస్తకమును గానవచ్చును.

ఋతుభేదమునకు కారణము

శివరాత్రితో చలి శివశివా యని పోవునని మనవారి లోకోక్తి. పక్షులు మాత్రము చలి తగ్గుదలను బట్టి గాక, వెలుతురు పెరుగుదలను బట్టి కాలమును లెక్కించుకొనును. కెనడా దేశమున ఆల్బర్టా విశ్వవిద్యాలయమునకు చెందిన విలియం రోవన్ అను శాస్త్రజ్ఞుడు 1920వ దశకమున, గడ్డకట్టు చలిలో ఆరుబయట పంజరములయందుంచిన జుంకో అను చిన్నపిట్టలకు ప్రతిదినమును సాయంకాలము విద్యుద్దీపముల వెలుతురును కొంచెము కొంచెముగా పొడిగించి చూపగా, నడి శీతకాలముననే వాని బీజకోశములు వసంతమునందువలె పెరిగినవి. చలి యేమియు తగ్గలేదు. పగలు పెరిగినట్లు పక్షికి తోచుటయే చాలినది. ఈ వెలుతురు కంటితో చూచునది మాత్రమే గాక, పలుచని కపాలమును దాటి మెదడులోని గ్రాహకములను నేరుగా తాకునదియు నని తరువాతి పరిశోధనలు నిరూపించినవి.

అయితే మన ప్రాంతమునకు ఈ సూత్ర మొక్కటియే చాలదు. విజయవాడవంటి తావున డిసెంబరు నెల యందలి మిక్కిలి కుఱుచ పగటికిని జూను నెల యందలి మిక్కిలి దీర్ఘమైన పగటికిని గల భేదము సుమారు రెండు గంటలు మాత్రమే. అందువలన ఇచ్చటి పక్షులు వెలుతురుతోపాటు ఆహారమును, వానను గూడ నమ్ముకొనియుండును. పిల్లలకు పెట్టవలసిన తిండి ఎప్పుడు సమృద్ధిగా నుండునో దానికి తగినట్లుగా ఒక్కొక్క జాతి తన ముహూర్తమును నిర్ణయించుకొన్నది. పూదేనెను, చిన్న పురుగులను ఆశ్రయించిన తేనెపిట్ట మాఘమాసముననే గూడు మొదలుపెట్టును. పచ్చిగడ్డి పోచలు లేనిదే గూడల్లలేని గిజిగాడు వానలు పడువరకును, పసుపుపచ్చని అలంకారము నంతయు విడిచి, ఆడపిచ్చుకవలె వెలవెలబోయి తిరుగుచుండును. ఒకే తుమ్మచెట్టుపైన ఈ రెండింటిని ప్రక్కప్రక్కల జూచినవానికి ఋతువనగా అందరికి నొక్కటే కాదని తెలియవచ్చును.

స్థానిక పక్షులు

ఊరపిచ్చుకను మించి మనకు తెలిసిన పక్షి లేదను నమ్మకము మనలో గాఢముగా నున్నది. కాని శిశిరాంతమున మగపిచ్చుక కంఠముపైని నల్లని మచ్చ దినదినమును ఎట్లు విశాలమగునో గమనించినవారు కొలదిమంది. ఆ మచ్చ కొత్త ఈకలు మొలచుటచే కలుగునది కాదు. వానకాలము కడపట మొలచిన ఈకల కొనలు బూడిదవన్నెతో నుండి క్రిందనున్న నలుపును కప్పియుండును. చలికాలమంతయు మట్టిలో పొర్లి, కొమ్మలకు రాచుకొని ఆ కొనలు అరిగిపోగా, అడుగునుండి నలుపు బయలుపడును. ముక్కును అదే కాలమున కొమ్మువన్నె విడిచి నల్లబడును. అరుగుదలయే అలంకారమగుట పక్షిలోకమున చూడదగిన విశేషము. దీనిని జూచుటకు దుర్భిణియైనను అక్కరలేదు, వంటయింటి కిటికీ చాలును. పిచ్చుకలు లోకమునుండి అంతరించిపోవుచున్నవను మాట తరచుగా వినవచ్చుచున్నది. 2020లో వెలువడిన భారత పక్షుల స్థితి నివేదిక ప్రకారము దేశమంతటను జూచినచో వాని సంఖ్య దాదాపు నిలుకడగానే యున్నది, మహానగరములందు మాత్రము తగ్గినది. పెంకుటింటి చూరులు, గోడలలోని గూళ్లు పోయి అద్దాల గోడలు లేచిన తావులందు పిచ్చుకకు నిలువనీడ లేకుండుట మన కన్నులయెదుట జరుగుచున్న సంగతియే.

కోకిలను గూర్చిన భ్రమ మరియు పెద్దది. అది వసంతముతో ఎచ్చటనుండియో వచ్చునని కవులును, వారిని బట్టి లోకమును నమ్మినవి. కోకిల ఎచ్చటికిని పోలేదు. చలికాలమంతయు మన పెరటి చెట్లలోనే, మఱ్ఱిపండ్లను, రావిపండ్లను తినుచు, నోరు మెదపక దాగియుండి, ఫాల్గుణము రాగానే గొంతు విప్పును. ఆ తొలిదినములలో దాని కూత పూర్తిగా పలుకదు. రెండు మూడు స్వరములు పైకెక్కి అర్ధాంతరముగా ఆగిపోవును. వారము పదిదినములు గడచిన పిమ్మట గాని మనమెరిగిన ఆరోహణము కుదురుకొనదు. ఆ మధుర గానము మగదానిది, నల్లనిది. గోధుమరంగు మేనిపై తెల్లని చుక్కలు గల ఆడుకోకిల తీక్ష్ణముగా కిక్కు కిక్కుమని అరచుటయే గాని పాడదు. తన గ్రుడ్లను కాకిగూటిలో పెట్టుట వలన కోకిలకు సంస్కృతమున పరభృతమనియు, పెంచునది గావున కాకికి పరభృత్తు అనియు పేళ్లు కలిగినవి. ఈ జంటపదములను కల్పించినవారు గ్రంథములు చదివి గాక, చెట్లక్రింద నిలిచి చూచి కల్పించిరనుటకు సందేహములేదు. కాకులు చైత్ర వైశాఖములందు పుల్లలు విరిచి గూడుకట్టును. అంతకు నెల ముందుగనే కోకిల కూత మొదలగుట ఆ గూళ్లకై చేయు ఆయత్తమే.

తేనెపిట్టలలో మన పెరళ్లకు వచ్చునవి ముఖ్యముగా రెండు తెగలు. ఊదారంగు నడుము గల చిన్నది ఏడాది పొడుగునను ఒకే వేషముతో నుండును. సంపూర్ణముగా నీలలోహిత వర్ణము గల రెండవదాని మగది మాత్రము సంతానకాలము ముగిసిన పిమ్మట ఆడుదానివలె మాసిన పసుపురంగు దాల్చి, గొంతునుండి పొట్టవరకు నల్లని చార యొకటి మాత్రము మిగుల్చుకొనును. జనవరి నెలలో ఈ చారపిట్టను జూచి వేఱొక జాతియని భ్రమపడువారు కలరు. కొన్ని వారములలో ఆ చారకు ఇరుప్రక్కలను మచ్చలు మచ్చలుగా మెరుపులు పుట్టి, ఫిబ్రవరి కడపటికి పిట్ట యంతయు ఎండలో మెరయు లోహఖండమువలె మారును. చిన్న తేనెపిట్ట సాలెగూటి దారములతో నారను, ఎండుటాకు తునకలను కలిపి సంచివంటి గూడుకట్టి, దానిని దండెపు తీగనుండియైనను వ్రేలాడదీయును. ఆ గూడు చెత్త చిక్కుకొన్నట్లుండుటయే దానికి రక్ష. గృహిణులు చీపురుతో దులుపుటకు ముందు ఒక నిమిషము నిలిచి పరికించుట మేలు.

తెల్లవారుజామున, నక్షత్రములు ఇంకను కనబడుచుండగనే, పెంకుటింటి కొప్పుపైనుండియో కొబ్బరిమట్ట చివరనుండియో ఈలవేసి పాడునది పెద్ద నల్లంచి. నలుపు తెలుపుల ఈ పిట్ట చలికాలమంతయు తగ్గుస్వరమున గొణుగుచుండి, మాఘమున ఎలుగెత్తి తన యెల్లలను చాటుకొనును. దాని చుట్టమగు నల్లంచి రాతిగుట్టలను, గోడలను ఆశ్రయించును. తోక పైకెత్తగా క్రింద ఇటుకరంగు కానవచ్చును. మధ్యాహ్నపు నిశ్శబ్దమున కమ్మరి సుత్తెతో కొట్టినట్లు టుక్కు టుక్కుమని విసువు లేక పలుకునది కంసాలిపిట్ట. పచ్చని దేహము, నుదుట ఎఱ్ఱని బొట్టు గల ఈ పిట్ట పిడికెడంత యుండును గాని దాని చప్పుడు వీధి యంతయు వినబడును. ఎండిపోయి పుచ్చిన కొమ్మ అడుగుభాగమున గుండ్రని రంధ్రము తొలిచి గూడుచేయును. మునగచెట్టు ఎండుకొమ్మను నరికివేయక వదలినచో రెండు మూడేండ్లలో అందు కంసాలిపిట్ట కాపురము పెట్టుట కవకాశము కలదు. చెట్టు తొఱ్ఱలకై ఈ మాసములందు రామచిలుకలకును, గోరింకలకును, పైడికంటెలకును జరుగు తగవు వేరొక నాటకము. చిలుకజంట తొఱ్ఱలోనికి తొంగిచూచి, లోపలికిపోయి, తలమాత్రము బయటపెట్టి గంటలకొలది కాచుకొనియుండును. గోరింకలు ఆదమరపున చొచ్చి పుల్లలు కుక్కును. పైడికంటె సంధ్యవేళ వెలువడి, తల నటునిటు నూపుచు చూచువారిని పరీక్షించును. దాని కూత అశుభమను నమ్మకము చాలచోట్ల నేటికిని మిగిలియున్నది. ఎలుకలను, పురుగులను తిని పొలమును పెరటిని కాపాడు ఆ చిన్నగూబకు ఇంతకుమించిన అన్యాయము వేఱొకటి లేదు.

పిగిలిపిట్ట, కుట్టుపిట్ట, కూకుడుగువ్వ, లకుముకిపిట్ట, పొడగువ్వ, జీనువాయి, ఏట్రింత, జెముడుకాకి మొదలగునవి ఇంకను పెక్కులు పెరటి చుట్టములు. వీనిలో కుట్టుపిట్టను గూర్చి యొక్క మాట: ఈ కాలమున మగదాని తోకలో నడిమి ఈకలు రెండును సూదులవలె పొడవుగా పెరుగును. ఆకు అంచులను కుట్టుటకు అది వాడునది ముక్కే గాని ఆ ఈకలు కావు.

పూలచెట్ల రంగస్థలము

ఆకులన్నియు రాలి, ఎఱ్ఱని దొన్నెలవంటి పూలు విచ్చిన బూరుగచెట్టు ఈ ఋతువున పక్షులకు అన్నసత్రము. ఒక్క ఉదయము దాని యెదుట గూర్చున్నచో గోరింకలు, కాకులు, పిగిలిపిట్టలు, తేనెపిట్టలు, చిలుకలు వంతులవారీగా వచ్చి పూలలో తలలు ముంచి, నుదుళ్లకు పుప్పొడి పూసుకొని పోవుటను చూడవచ్చును. అట్లే మోదుగపూల వంకరదళములను తేనెపిట్టలు ఆశ్రయించి, తేనెకు ప్రతిగా పరాగమును చెట్టునుండి చెట్టునకు మోయును. పూతపట్టిన మామిడిపైన పురుగులకై వచ్చు పిట్టలు కాపునకు చేయు మేలును రైతులు చక్కగా నెరుగుదురు.

అతిథులు

బూరుగచెట్టుపైనికి గుంపులుగా వచ్చి దిగు గులాబిరంగు గోరింకలు మన దేశమున గ్రుడ్లు పెట్టవు. తూర్పు ఐరోపా మొదలు మధ్య ఆసియా వరకు గల గడ్డిమైదానములు వాని జన్మభూమి. ఆగస్టు నెలనుండియే వచ్చి, జొన్నచేలను, పండ్లచెట్లను ఆశ్రయించి, ఏప్రిలునాటికి మరలిపోవును. పోవుటకు ముందు దినములలో వాని మేనిపైని మాసిన బూడిదరంగు తొలగి గులాబివన్నె తేటపడును గనుక శిశిరాంతముననే వాని సొగసు చూడదగినది.

వేపచెట్టు కొమ్మలలో ఒక్క క్షణమైన నిలువక పురుగులేరుచు, ఆగి ఆగి రెండక్షరముల కూత కూయు పచ్చవన్నె వార్బ్లరు ఇంచుమించు ఎనిమిది గ్రాముల తూకము గలది. మూడు రూపాయి నాణెముల బరువైనను లేని ఆ ప్రాణి హిమాలయములను, మధ్య ఆసియాను, సైబీరియా అడవులను ఎఱిగినది. కంచెలలోను గోరింట పొదలలోను దాగి చక్ చక్ మని హెచ్చరించు బ్లైత్ రెల్లు వార్బ్లరు దానికి తోటి యాత్రికుడు; దాని పేరు కలకత్తా ఏషియాటిక్ సొసైటీ ప్రదర్శనశాలకు క్యురేటరుగా నుండిన ఎడ్వర్డ్ బ్లైత్ స్మారకము. పసుపుపచ్చని వంగపండుపిట్టయు, పొడవైన తెల్లతోక గల తోకపిగిలిపిట్టయు, తీగలపై వరుసలు దీరు వానకోయిలలును ఈ కాలపు అతిథులలోనివే. పయనమునకు ముందు ఇవి యన్నియు విపరీతముగా తిని, చర్మము క్రింద క్రొవ్వు నిలువ చేసికొనును. ఒకనాడు వార్బ్లరు కూత ఆగిపోవును. పక్షి వచ్చిన దినమును పలువురు వ్రాసికొందురు. పోయిన దినమును వ్రాసికొనువారు అరుదు, ఏలయన లేనిదానిని గుర్తించుట కష్టము. అందుకనియే ఆ వ్రాతకు విలువ హెచ్చు.

ఇచ్చట నొక పొరపాటును దిద్దవలసియున్నది. అనంతపురము ప్రాంతమున చిలమత్తూరు సమీపమందలి వీరాపురమున, శిశిరకాలమున ఎఱ్ఱకాళ్ల కొంగలు వందలకొలది వచ్చి, ఇండ్లమధ్య పెరళ్లలోని చింతచెట్లపైననే గూళ్లుకట్టి పిల్లలను పెంచును; గ్రామస్థులు వానిని కొట్టరు, కొట్టనీయరు. శ్రీకాకుళము జిల్లాలో టెక్కలి సమీపమందలి తేలినీలాపురమునకును ఇవియు గూడబాతులును వచ్చును. ఇవి సైబీరియానుండి వచ్చునని పత్రికలలో ఏటేట వ్రాయుచుందురు. ఎఱ్ఱకాళ్ల కొంగయు, మన గూడబాతును దక్షిణాసియా పక్షులు. నీటిని, చేపలను వెదకికొనుచు ఈ దేశములోపలనే ఊరు మార్చునవి. సైబీరియాను ఎఱిగిన పక్షిని చూడవలెనన్న ఆ కొంగవంక గాక, దాని క్రింది కొమ్మలలో ఎగురు వార్బ్లరువంక చూడవలెను.

పేళ్లు, గ్రంథములు, లెక్కలు

తెలుగు పక్షినామములు ఇన్ని నేటికిని దొరకుటకు కారకుడైన పరదేశి టి. సి. జెర్డన్ (1811–1872). ఈస్టిండియా కంపెనీ వైద్యుడుగా మద్రాసు రాజధానిలో పనిచేసి, నెల్లూరున నున్నకాలమున యానాదులవంటి అడవి నెరిగిన జనులనుండి జంతువుల వృత్తాంతములను గ్రహించి, 1862–64 సంవత్సరములలో ప్రకటించిన భారతదేశ పక్షులు అను తన గ్రంథమున శాస్త్రనామముల చెంత తెలుగు పేళ్లను గూడ చేర్చెను. నల్లంచి, పిగిలిపిట్ట, వంగపండు మొదలైనవి ఆ పుటలలో కానవచ్చును. ఆయన పేరనే ప్రసిద్ధమైన కలివికోడి అంతరించినదని చిరకాలము భావింపబడి, 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి సమీపమున బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారి పరిశోధనలో స్థానికుల సాయమున మరల కనుగొనబడినది. ఆ సంఘమునకు ప్రాణమై నిలిచిన సలీం అలీ (1896–1987) 1930వ దశకపు తొలినాళ్లలో హైదరాబాదు సంస్థానమున పక్షిసర్వే నడపెను. 1941లో వెలువడిన ఆయన భారతీయ పక్షుల పుస్తకము సామాన్య గృహస్థునకు ఈ విద్యను అందించినది.

ఇంటివారు తమ పెరటిలోనే పక్షులను లెక్కించి ఆ లెక్కను శాస్త్రమునకు సమర్పించు ఉద్యమము అమెరికాలో 1998లో, కార్నెల్ పక్షిశాస్త్ర ప్రయోగశాల, ఆడుబన్ సొసైటీల పూనికతో మొదలైనది. ఫిబ్రవరి నడుమ నాలుగు దినములు, ఒక్కొక్క పర్యాయము పదునైదు నిమిషములకు తగ్గకుండ లెక్కించుట దాని నియమము. 2013లో ఇది లోకమంతటికి విస్తరింపగా మన దేశమును అందు చేరినది. అమెరికాలో ఆ దినములు మంచు కురియు కాలము. అచ్చటివారు చలికి నిలిచిన పక్షులను లెక్కింతురు, మనము సంసారము మొదలుపెట్టిన పక్షులను లెక్కింతుము. ఇట్టి లెక్కలు పోగైనందుననే తెలంగాణమునకు రాష్ట్రపక్షియగు పాలపిట్ట సంఖ్య తగ్గుచున్న సంగతి బయటపడినది. ఆంధ్రప్రదేశ్ 2018లో రామచిలుకను రాష్ట్రపక్షిగా స్వీకరించినది; దానిని పంజరమున బంధించుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి నేరము.

పరిశీలన విధానము

సూర్యోదయానంతరము రెండు గంటలును, సాయంకాలము ఒక గంటయు శ్రేష్ఠము. ఎనిమిది రెట్లు పెద్దదిగా చూపు దుర్భిణి యున్న మేలు, లేకున్న లోపము లేదు. ముదురురంగు దుస్తులు ధరించి, గోడకో చెట్టునకో వెన్ను ఆనించి, ప్రతిదినమును అదే తావున గూర్చున్నచో వారము లోపల పక్షులు మనిషిని మరచును. దూరపు సరస్సులకు ఏటికొకసారి పోయి నూరు జాతులను చూచుటకంటె, ఒకే పెరటిలో ఇరువది జాతులను రెండు నెలలు చూచుట హెచ్చు జ్ఞానప్రదమని ఈ వ్యాసకర్త దృఢాభిప్రాయము. మాఘము గడచుకొలది నీటి యెద్దడి పెరుగును గనుక రెండంగుళముల లోతునకు మించని మట్టిచిప్పలో నీరుపోసి నీడపట్టున నుంచి, దోమలు పెరుగకుండ దినదినమును మార్చవలెను. సంక్రాంతికి చూరునకు వరికంకుల కుచ్చు కట్టు ఆచారము మన పూర్వుల పక్షిసత్కారము. దానిని ఉగాదివరకు కొనసాగించుట సులభము. గూటిని తాకుట, ఛాయాచిత్రమునకై ఆకులు తొలగించుట, రికార్డు చేసిన కూతను వినిపించి పక్షిని రప్పించుట కూడదు. అట్టి మోసపు కూతకు తల్లడిల్లి మగపక్షి గూటికాపలా మాని వెదకుటలో దినమంతయు వ్యర్థపుచ్చును.

ఒక చిన్న పుస్తకమున తేదీ, వేళ, చెట్టు, పక్షి, అది చేయుచున్న పని వ్రాసికొనవలెను. పక్షిపేరు తెలియనిచో ఊరిలోని పెద్దలను, గొఱ్ఱెలకాపరులను, రైతులను అడిగి, వారు చెప్పిన పేరును వారు పలికినట్లే వ్రాయవలెను. శ్రీకాకుళపు పేరు అనంతపురమున లేదు, ఆదిలాబాదు పేరు నెల్లూరున లేదు, వీనినన్నిటిని ఒకచోట చేర్చిన నిఘంటువు కావలసియున్నది. పాఠకులు ఈ యేడు తమ యింట కోకిల తొలికూత ఏనాడు వినబడినదో, వేపచెట్టులో వార్బ్లరు కూత ఏనాడు ఆగినదో తిథితోను తారీకుతోను వ్రాసి యుంచుడని మనవి.